సాసు సంగటిలోకి వస్తాదా? ఫాబియోలా కబేసా దె బాకా పని మీద ఒక కేస్ స్టడీ

మదనపల్లె వైపు పల్లెల్లో పనిచేసిన రోజులవి. ఆ సీజన్లో టమోటా ధర పడిపోయింది. కోత కూలి కూడా గిట్టదని రైతులు కాయల్ని చెట్లకే వదిలేశారు. ఒక ఊళ్ళో మహిళా సంఘానికి టమోటా సాసు తయారీ శిక్షణ పెట్టాం. స్టవ్వు, పెద్ద గిన్నెలు, జల్లెడలు, సీసాలు, మూతలు బిగించే మిషను, సాసు చెడిపోకుండా వేసే సోడియం బెంజోయేటు పొడి, అన్నీ జీపులో వేసుకెళ్ళాం. రెండు రోజుల ప్రోగ్రాం. ఇరవై నాలుగు మంది వచ్చారు. సాసు చక్కగా కుదిరింది, ప్లేటులో వేసి వంచితే నీళ్ళు విడవలేదు. అందరం తలా ఒక సీసా పట్టుకుని ఫోటో దిగాం.

మూడు నెలలకి ఫాలో అప్‌కి వెళ్తే ఏ ఇంట్లోనూ సాసు లేదు. సీసాలు మాత్రం ఉన్నాయి. ఒకరు ఆముదం పోసుకున్నారు, ఇంకొకరు పొలానికి మంచినీళ్ళు పట్టుకెళ్తున్నారు. ఒక పెద్దావిడ నన్ను అరుగు మీద కూచోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నేను తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగి అడిగింది.

"ఏమనుకోవద్దు మేడం, ఆ సాసు సంగటిలోకి వస్తాదా?"

రాదు. సంగటిలోకి ఊరిబిండి వస్తుంది, పప్పు వస్తుంది, పులుసు వస్తుంది. తియ్యటి సాసు రాదు. ఆ సంగతి తెలియక కాదు, నేనూ సంగటి తిని పెరిగినదాన్నే. శిక్షణ మాడ్యూల్లో సాసు ఉంది కాబట్టి సాసు నేర్పాను. రిపోర్టులో "శిక్షణ పొందిన మహిళలు: 24" అని రాసి పంపాను. ఆ 24 ఇప్పటికీ ఏదో ఫైల్లో సక్సెస్ కింద లెక్కలో ఉండే ఉంటుంది.

చాలా ఏళ్ళ తర్వాత కొత్తగా చేరిన హోమ్ సైన్స్ పిల్లలకి క్లాసులు చెప్పాల్సి వచ్చింది. మన పనిని మనకంటే ముందు చేసినవాళ్ళ గురించి వెతుకుతుంటే న్యూ మెక్సికోకి చెందిన ఫాబియోలా కబేసా దె బాకా తగిలారు. ఆవిడ పని చదువుతున్నంతసేపూ అరుగు మీది పెద్దావిడ ప్రశ్నే చెవిలో వినిపించింది. అప్పటినుంచి సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఈ కేసు చెబుతున్నాను. ఇవి ఆ క్లాసు నోట్సే, కాస్త పెంచి రాశాను.

ఎవరీవిడ

1894 మే 16న అమెరికాలోని న్యూ మెక్సికోలో, లా లియెండ్రే అనే పల్లెలో పుట్టారు. దగ్గరి పట్నం లాస్ వేగాస్. జూదశాలల లాస్ వేగాస్ నెవాడాలో ఉంది, ఇది వేరే, పాత స్పానిష్ ఊరు. ఇంటిపేరు కబేసా దె బాకా అంటే అక్షరాలా ఆవు తల. పేరుకి తగ్గట్టే ఆ కుటుంబానికి పశువులూ, గొర్రెల మందలూ, విశాలమైన మేతభూములూ ఉండేవి. ఆవిడకి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే నాయనమ్మ పెంచింది. కలిగిన ఇల్లు, పనివాళ్ళున్న ఇల్లు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ రావాలి.

1916లో ఒకే గది ఉన్న పల్లెటూరి బడిలో టీచరుగా చేరారు. పుస్తకాలు ఇంగ్లీషువి, పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది స్పానిష్. ఆవిడ రెండు భాషల్లోనూ పాఠం చెప్పేవారు. 1921లో ఉపాధ్యాయ విద్యలో డిగ్రీ, తర్వాత కొంతకాలం స్పెయిన్‌లో చదువు, 1929లో లాస్ క్రూసెస్‌లోని వ్యవసాయ కళాశాల నుంచి గృహవిజ్ఞానంలో డిగ్రీ. అప్పుడే రాష్ట్ర వ్యవసాయ విస్తరణ సేవలో హోమ్ డెమాన్‌స్ట్రేషన్ ఏజెంటుగా చేరారు. ముప్పై ఏళ్ళు ఇదే ఉద్యోగం. 1959లో రిటైరై, 1991లో 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆ ఉద్యోగం ఏమిటో ఒక్కమాట. 1914లో అమెరికాలో స్మిత్-లీవర్ చట్టం వచ్చింది. వ్యవసాయ కళాశాలలో పుట్టిన విజ్ఞానం పొలానికీ ఇంటికీ చేరాలని కేంద్రం, రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది) కలిసి డబ్బు పెట్టాయి. మగవాళ్ళకి పంటల మనిషి, ఆడవాళ్ళకి ఇంటి మనిషి. మన దగ్గర 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు గ్రామసేవకులు, గ్రామసేవికలు వచ్చారు కదా, ఆ ఆలోచనలో ఈ అమెరికన్ విస్తరణ పద్ధతి పాలు చాలా ఉంది. కాబట్టి ఫాబియోలా మనకి మరీ పరాయి మనిషేమీ కాదు, వరసకి ఏ పెద్దమ్మో అవుతారు.

ఆ ఊళ్ళు

ఆవిడకి అప్పగించినవి రియో అర్రీబా, శాంటా ఫే కౌంటీలు. ఉత్తర న్యూ మెక్సికో కొండ లోయలు. మట్టి ఇళ్ళు, పంట కాలువలు, చిన్న చిన్న కమతాలు. 1846-48 యుద్ధంతో ఆ ప్రాంతం మెక్సికో నుంచి అమెరికా చేతికి వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఊరుమ్మడి మేతభూములు కోర్టుల్లోనూ, లాయర్ ఫీజుల కిందా చాలావరకు పోయాయి. భూమి చాలక మగవాళ్ళు వలసపోయేవాళ్ళు. కొలరాడోలో చక్కెర బీట్ చేలకి, గనులకి, రైలు పనులకి, గొర్రెలు కాయడానికి. ఇంట్లో ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, తోటా మిగిలేవి. పాలమూరు గురించి తెలిసినవాళ్ళకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫాబియోలా ఉద్యోగంలో చేరిన ఏడాదే మహా మాంద్యం మొదలైంది. వలస పనులు ఆగిపోయాయి. వెళ్ళినవాళ్ళు వెనక్కొచ్చారు. తినే నోళ్ళు పెరిగాయి, వచ్చే డబ్బు లేదు. ఆ కాలంలో న్యూ మెక్సికోలో శిశు మరణాలు అమెరికా మొత్తంలోనే ఎక్కువ. అంటే తోటలో పండినదాన్ని చలికాలం చివరిదాకా నిలవ పెట్టుకోగలరా లేదా అన్నదే అక్కడ ఇంటి ఆడవాళ్ళ ముందున్న ప్రశ్న. దాన్ని సాసు, జామ్ తయారీ స్థాయి ప్రశ్నగా చూడకూడదు.

భాష

ఆవిడ కంటే ముందు ఆఫీసులో కరపత్రాలు లేకపోలేదు. ఉన్నాయి, ఇంగ్లీషులో. చదవాల్సిన ఆడవాళ్ళకి వచ్చింది స్పానిష్.

ఇలాంటి చోట చాలామంది దుబాసీని పెట్టుకుంటారు. ఫాబియోలా కరపత్రాన్నే స్పానిష్‌లో రాశారు. ఆహార పదార్థాలు, వాటి తయారీ గురించి ఒక బులెటిన్ 1934లో వచ్చింది. నిలవ చేసే పద్ధతుల మీద ఇంకొకటి. శాంటా ఫే స్పానిష్ పత్రికలో కాలమ్ రాశారు, రేడియోలో మాట్లాడారు. వీటికి తోడు ప్యూబ్లో ఆదివాసుల ఊళ్ళకి వెళ్ళడం కోసం తేవా వంటి వాళ్ళ భాషలు నేర్చుకున్నారు. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఇదే. స్పానిష్ ఆవిడకి పుట్టుకతో వచ్చిన భాష, అందులో గొప్పేముంది? తేవా మాత్రం పనిగట్టుకుని నేర్చుకున్నదే. పాడేరు వైపు ఏళ్ళ తరబడి పనిచేసి కువి భాషలో "తిన్నారా" అని కూడా అడగలేని వాళ్ళని చూశాను. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

భాష అంటే స్పానిషా ఇంగ్లీషా అన్నదొక్కటే కాదు. మన కరపత్రాలు తెలుగులోనే ఉంటాయి. "ఆకుకూరలయందు సూక్ష్మపోషకములు సమృద్ధిగా లభించును, కావున వినియోగించుకొనవలెను." ఇది ఏ ఊళ్ళో మాట్లాడే తెలుగు? నా పేరుతో వచ్చిన కరపత్రంలోని వాక్యమే ఇది. పైవాళ్ళు దిద్దారని సాకు చెప్పుకోవచ్చు, కానీ మొదటి ప్రతిలో నేను రాసిందీ దాదాపు ఇలాగే ఉంది.

కుక్కర్ ఎక్కడ కావాలి

ఇక అసలు టెక్నికల్ భాగం. పిల్లలకి దీని మీదే రెండు క్లాసులు తీసుకుంటాను.

ఫాబియోలా పేరు చెప్పగానే చరిత్ర రాసేవాళ్ళు ప్రెజర్ క్యానర్ (తిండిని సీసాల్లో నిలవ పెట్టడానికి వాడే పెద్ద ప్రెజర్ కుక్కర్), కుట్టుమిషను అంటారు. ఊరి ఆడవాళ్ళని క్లబ్బులుగా కూర్చి, ఈ రెండింటి వాడకం నేర్పారని. నిజమే. కానీ ఆ క్యానర్ అక్కడ ఎందుకు అవసరమో తెలియకపోతే ఆవిడేదో ఆధునిక పరికరం అమ్మడానికి వెళ్ళిన ఏజెంటులా కనిపిస్తారు.

శాంటా ఫే దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. (మన అరకు మూడు వేల అడుగులే. అక్కడా 97 దాటదు. పప్పు ఉడకలేదని అక్కడ ఎవరినీ ఏమీ అనకండి.) సీసాలో పెట్టి గాలి చొరకుండా మూత బిగించిన ఆహారంలో బోటులిజం తెచ్చే బాక్టీరియా బతికితే మనిషి ప్రాణం పోతుంది. ఆ బాక్టీరియా బీజాలు మరిగే నీళ్ళకి చావవు, 116 నుంచి 121 డిగ్రీల వేడి కావాలి. పులుపున్న పండ్లయితే భయం లేదు. పులుపే కాపాడుతుంది, సీసాల్ని మరిగే నీళ్ళలో ఉంచితే చాలు. ఆపిల్, పీచ్ వరకు సరే. మరి ఆ ఊళ్ళ అసలు తిండి ఏమిటి? పింటో చిక్కుడు గింజలు, మొక్కజొన్న, పచ్చిమిరపకాయ, మాంసం. ఒక్కదానిలోనూ చాలినంత పులుపు లేదు. అంటే వాళ్ళ తిండిని సీసాలో పెట్టాలంటే ప్రెజర్ తప్పదు, కొండమీద కాబట్టి ఆ ప్రెజర్ కూడా మామూలు కంటే ఎక్కువుండాలి. ఇప్పటి లెక్క ప్రకారం, కింద మైదానంలో ప్రెజర్ చూపే ముల్లు 11 పౌండ్ల దగ్గర ఆగితే చాలు, ఆరేడు వేల అడుగుల మీద అదే ముల్లు 14 దగ్గర నిలవాలి. మైదానాల కోసం అచ్చువేసిన కరపత్రంలోని అంకెను పట్టుకుని కొండమీద సీసా పెడితే అది నిలవా కాదు, భద్రమూ కాదు. స్థానికంగా ఒక మనిషి ఉండి, అంకెలు మార్చి చెప్పడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

క్యానర్ ఖరీదైన వస్తువు. ఇంటికొకటి కొనే స్తోమత లేదు. నలుగురూ కలిసి ఒకటి వాడుకునే పద్ధతి, ఒకచోట చేరి సీసాలు నింపుకునే పద్ధతి అక్కడ నడిచింది. మన స్వయం సహాయక సంఘాల్లో పిండిమర నడిపినట్టు అనుకోండి.

కానీ ఆ ఊళ్ళకి నిలవ చేయడం కొత్తేమీ కాదు. క్యానర్ రాకముందు వందల ఏళ్ళ నుంచి ఎండబెడుతూనే ఉన్నారు. ఎర్ర మిరపకాయలు దండలు గుచ్చి ఇంటి చూరుకి వేలాడదీస్తారు. గుమ్మడికాయ చక్రాలుగా కోసి, ఆపిల్ ముక్కలు చేసి, మాంసం పల్చగా చీరి ఎండబెడతారు. లేత మొక్కజొన్న పొత్తుల్ని ఓర్నో అనే మట్టి పొయ్యిలో రాత్రంతా ఉడికించి, ఎండబెట్టి, గింజలు రాల్చుకుంటారు. వాటిని చికోస్ అంటారు. పొడిగాలి, ఎత్తు, తీక్షణమైన ఎండ ఉన్న చోట దీన్ని మించిన పద్ధతి లేదు, సీసా ఖర్చు కూడా లేదు. మన వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, మామిడి ఒరుగులు ఇదే కుటుంబం.

ఇంకొకటి చూడండి. అక్కడ ముదిరిన మొక్కజొన్నని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, పొట్టు తీసి, పొసోలె వండుతారు. అలా ఉడికించిందే రుబ్బి రొట్టెలు చేస్తారు. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ ఉన్నా ఒంటికి పట్టని రూపంలో బందీ అయి ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. సున్నం వేయకుండా మొక్కజొన్న పిండి తిన్న అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నయాసిన్ చాలక వచ్చే పెలాగ్రా జబ్బు వేలమందిని తీసుకుపోయింది. మనకీ ఈ జబ్బుతో చుట్టరికం ఉంది. జొన్న ముఖ్యాహారంగా తినే దక్కన్ పల్లెల్లో పెలాగ్రా ఎందుకొస్తోందో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాల (ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ) నుంచి 1960లో రాశారు, కారణం జొన్నలో ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కావచ్చని. సరే, నేను చెప్పదలచుకున్నది ఇది. నయాసిన్ పెలాగ్రాని కుదురుస్తుందని శాస్త్రం తేల్చింది 1937లో. అంతకుముందే ఎవరైనా చదువుకున్న ఏజెంటు ఆ ఊళ్ళకి వెళ్ళి, "అయ్యో, తిండిలో సున్నమేమిటి, మానేయండి" అని ఉంటే? చెడ్డ ఉద్దేశంతో కాదు, శుభ్రత పేరుతో. మన వృత్తిలో ఇలాంటి ప్రమాదాలు మంచి ఉద్దేశంతోనే జరుగుతాయి. ఫాబియోలా పొసోలెని పొసోలెగానే ఉంచారు, వంటల పుస్తకంలోకి ఎక్కించారు.

నా అంచనాలో ఆవిడ తీర్పు మొత్తం ఇక్కడే ఉంది. కొత్త పరికరం ఎక్కడ కావాలి, పాత పద్ధతి ఎక్కడ చాలు అన్న గీత ఆవిడ ఆఫీసులో కూచుని గీయలేదు, వాళ్ళ వంటింట్లో నిలబడి గీశారు.

కొలతలు

1939లో విస్తరణ సేవ సర్క్యులర్‌గా ఆవిడ రాసిన హిస్టారిక్ కుకరీ వచ్చింది. పేరు ఇంగ్లీషు, తిండి పల్లెది. ఊళ్ళలో ఆడవాళ్ళ చేతి వంటలు తీసుకుని వాటికి కప్పులు, చెంచాలు, నిమిషాలు పెట్టారు. తర్వాత లక్ష కాపీలకు పైగా పోయింది. ప్రభుత్వ కరపత్రం లక్ష కాపీలు పోవడం ఎంత అరుదో మా గోడౌన్‌లో చెదలు తిన్న కట్టలు చూసినవాళ్ళకి తెలుసు.

అందులో ఆవిడ ఒక మాట దగ్గర ఆగి వివరిస్తారు. గిసార్ అని స్పానిష్ మాట. ఇంగ్లీషులో దానికి సరైన సాటి లేదంటారు. ఉడికిన తిండిని అలాగే వదిలేయకుండా కాస్త ఉల్లిపాయో, చిటికెడు వామాకు లాంటి ఒరేగానో వేసి రుచి తేలేలా చేయడం. అలా చేయని తిండి చప్పగా ఉంటుందని ఆవిడ గట్టిగా చెబుతారు. ఇది చదివి నవ్వొచ్చింది. ఇంగ్లీషువాళ్ళకి అర్థం కాకపోవచ్చు, మనకి ఒక్క ముక్కలో అయిపోతుంది. తాలింపు. పద్ధతి వేరు, ప్రాణం ఒకటే. పోషకాహారం క్లాసులో మేం గ్రాములు, కిలోకేలరీలు చెబుతాం. తాలింపు గురించి చెప్పం. అందుకే అంగన్‌వాడీలో పెట్టిన పప్పు పిల్లలు తినరు.

కలుపు మొక్కలకి కూడా ఆవిడ వంటల్లో చోటుంది. కెలీతెస్ అని వాళ్ళు వండేది మన పప్పుకూర, చక్రవర్తి కూర అని కూడా అంటాం. వెర్దొలాగస్ అన్నది గంగవాయిలి కూర. ఖర్చు లేకుండా మడిలో మొలిచే ఆకు. దాన్ని పేదల తిండని తీసిపారేయకుండా అచ్చు పుస్తకంలో పెట్టడమే ఒక విస్తరణ పని అని నేను అనుకుంటాను.

(టాకో అనే మెక్సికన్ వంటకం కోసం కరకరలాడే రొట్టె చిప్పను మడిచి వేయించే పద్ధతికి ఆద్యురాలు ఆవిడేనని చెప్పేవాళ్ళున్నారు. 1949 నాటి ఆవిడ పుస్తకంలో ఆ వంటకం ఉంది. అదే కాలంలో వేరేవాళ్ళు పేటెంట్ల కోసం కూడా తిరిగారు. ఆ తగువులోకి నేను దిగను.)

కాలు

1932లో రైలు ప్రమాదంలో ఆవిడకి ఒక కాలు పోయింది. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆవిడ రచన మీద ఎక్కువగా కూచున్నది అప్పుడే. తర్వాత మళ్ళీ అదే ఉద్యోగం, అవే కొండదారులు, 1959 దాకా. దీని గురించి నేను ఎక్కువ రాయను. ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. ఫీల్డ్ వర్క్ చేసినవాళ్ళకి ఆ దారి, ఆ బురద, ఆ బ్యాగు బరువు ఎలా ఉంటాయో తెలుసు.

రచనలు

ది గుడ్ లైఫ్ 1949లో వచ్చింది. వంటల పుస్తకం అనుకుని తెరిస్తే ముందు కథ ఉంటుంది. తుర్రియేతా అనే కల్పిత కుటుంబం. కోతల కాలంలో మొదలై, పండగలు, ఉపవాసాలతో ఏడాది తిరుగుతుంది. మూలికలు తెలిసిన సెన్యా మార్తీనా అనే ముసలావిడ ఉంటుంది. వంటకాలు దాని వెనక వస్తాయి. ఏ నెలలో, ఏ పండక్కి, ఎవరింట్లో వండుతారో తెలిశాక వంట పద్ధతి వస్తే అది గుర్తుంటుంది. మా సాసు మాడ్యూల్లో పద్ధతి ఉంది, కాలం లేదు, పండగ లేదు, సంగటి లేదు.

వియ్ ఫెడ్ దెమ్ కాక్టస్ 1954లో వచ్చింది. తూర్పు మైదానాల్లో తన కుటుంబం, పశువుల కాపరులు బతికిన బతుకు. పేరులోనే 1918 కరువుంది. మేత లేక, నాగజెముడు ముళ్ళు కాల్చి పశువులకి పెట్టారు. అనంతపురంలో కరువు చూసిన ఎవరికైనా ఆ పేరు చదవగానే గొంతు పట్టేస్తుంది.

మధ్యలో 1951లో యునెస్కో ఆవిడని మెక్సికో పంపింది. మిచోకాన్ రాష్ట్రంలోని పాట్స్‌క్వారో దగ్గర తారాస్కన్ ఆదివాసుల మధ్య గృహవిజ్ఞాన కార్యక్రమం నెలకొల్పారు. రిటైరయ్యాక 1960ల్లో పీస్ కోర్ (వేరే దేశాల్లో పనిచేయడానికి అమెరికా ప్రభుత్వం పంపే వలంటీర్ల సంస్థ) వలంటీర్లకి శిక్షణ ఇచ్చారు.

మింగుడు పడనివి

కేస్ స్టడీ అంటే దండ వేయడం కాదు కాబట్టి ఇవీ చెప్పాలి.

మొదట చెప్పిన ముక్క. ఆవిడ దొరల ఇంటి బిడ్డ. కాక్టస్ పుస్తకంలో యజమానీ, పనివాళ్ళూ ఒకే కుటుంబంలా బతికినట్టు కనిపిస్తారు. పొయ్యి దగ్గర వంగినవాళ్ళని అడిగితే కథ వేరేలా చెప్పి ఉండేవారేమో. తర్వాతి తరం పరిశోధకులు ఈ మాటే అన్నారు, అందులో నిజం ఉంది. మన దగ్గర కూడా "పాత రోజుల్లో అందరూ కలిసి ఉండేవాళ్ళు" అని చెప్పేది ఎప్పుడూ మేడమీదివాళ్ళే.

రెండోది. విస్తరణ సేవ మొత్తం మీద చూస్తే, ఎండబెట్టడం పాతకాలపుదనీ, సీసాలో పెట్టడం అభివృద్ధి అనీ ఒక చిన్నచూపు ఉండేది. సీసాకి డబ్బు కావాలి, మూతకి డబ్బు కావాలి, ఏడాదికేడాది. చేతిలో చిల్లర ఆడని ఊళ్ళలో అది చిన్న ఖర్చు కాదు. ఫాబియోలా ఆ యంత్రాంగంలో భాగం, దాని జీతం మీద పనిచేసినవారు. రెండు వైపులా కాళ్ళు పెట్టి నిలబడ్డారు. పొసోలెని కాపాడారు, క్యానర్ కూడా తీసుకెళ్ళారు.

మూడోది లెక్కలు. ఆ కాలం ఏజెంట్ల వార్షిక నివేదికల్లో క్లబ్బులు ఎన్ని, సీసాలు ఎన్ని, హాజరు ఎంత అని ఉండేది. పిల్లల బరువు పెరిగిందా, చలికాలం చివర్లో ఆకలి తగ్గిందా అన్నది ఆ ఫారాల్లో తేలే విషయం కాదు. మా 24 లాంటిదే. ఆవిడ పని ఫలించిందనడానికి నాకు కనిపించే గట్టి ఆధారం ఆ లక్ష కాపీలే. పుస్తకం జనం కొనుక్కున్నారు, వంటింట్లో ఉంచుకున్నారు. అంతకు మించి నేను చెప్పబోను.

మళ్ళీ టమోటా

ఈ కేసు రెండేళ్ళు చెప్పాక ఒక బ్యాచ్ పిల్లల్ని తీసుకుని ఆ పాత ఊరికే వెళ్ళాను. మజ్జిగిచ్చిన పెద్దావిడ అప్పటికి లేదు. కోడలు ఉంది. టమోటా సీజనే. మేం ఏమీ తీసుకెళ్ళలేదు, రెండు తూకాలు, ఒక కొలత జాడీ, నోటు పుస్తకాలు. నేర్పడానికి రాలేదమ్మా, నువ్వు చేసేది చూసి రాసుకుంటాం అన్నాను. నమ్మలేదు. సీసాలు ఇవ్వరా అని అడిగింది.

ఎండు టమోటా ఊరగాయ పెడుతోంది. కాయల్ని తుడిచి, తడి ఆరనిచ్చి, నాలుగు ముక్కలుగా కోసింది. ఉప్పు, పసుపు కలిపి జాడీలో మూడు రోజులు. మూడో రోజున ముక్కల్ని పిండి చాప మీద ఆరేసి, దిగిన రసంలో చింతపండు నానేసి దాన్నీ ఎండలో పెట్టింది. ముక్క వంచితే విరగకూడదు, తోలులా సాగాలి. మా పిల్లల్లో ఒకమ్మాయి తేమ శాతం అడిగింది. కోడలు ముక్కని చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో నలిపింది. "చప్పుడు రాకూడదక్కా, వస్తే ఎక్కువ ఎండినట్టు." తర్వాత రుబ్బడం, కారం, మెంతి పిండి, ఇంగువ తాలింపు. ప్రతి చోటా పిల్లలు ఆమె పిడికిలిని తూకంలో ఒంపించి అంకె వేసుకున్నారు. కిలో కాయలకి ఉప్పు వంద గ్రాముల దగ్గర తేలింది, మూడుసార్లు తూస్తే మూడుసార్లూ అటూ ఇటూగా అంతే. చేతి కొలత మీద నాకున్న అనుమానం ఆ రోజుతో పోయింది.

ఒకే పేజీ కరపత్రం రాశాం, వాళ్ళు మాట్లాడే మాటల్లో. ఊళ్ళో అందరికీ తూకం ఉండదు కదా అని గ్రాముల పక్కన గ్లాసుల్లో కూడా రాశాం. అచ్చు వేసే ముందు ఆమెకి చదివి వినిపించాం. పూర్తిగా విని లోపలికెళ్ళి మూడు గ్లాసులు తెచ్చి అరుగు మీద వరసగా పెట్టింది.

"మేడం, మా ఇంట్లో గ్లాసులు మూడు సైజులుండాయి. మీ కాగితంలో ఉండేది ఏ గ్లాసు?"

పిల్లలు నీళ్ళు పోసి కొలిచారు. చిన్నది 110 మిల్లీలీటర్లు, మధ్యది 180, పెద్దది 250. మధ్య గ్లాసు బొమ్మ వేసి పక్కన కొలత రాద్దామని తేల్చుకున్నాం. ఆమె ఇంకా కాగితం వైపే చూస్తోంది.

"ఉప్పు కల్లుప్పా, మెత్తుప్పా? గ్లాసుకి రెండూ ఒక తూకం రావు కదా."

కాగితం తీసుకుని మళ్ళీ మొదటి నుంచి రాయడానికి కూచున్నాం.